సూర్యుడి సెగ గుట్టు అలల్లో ఉందా?

పొయ్యికి దూరం జరిగేకొద్దీ సెగ తగ్గాలి. సూర్యుడి దగ్గర మాత్రం లెక్క తిరగబడింది. మనకు కనిపించే ఉపరితలం వేడి సుమారు 5,500 డిగ్రీల సెల్సియస్. దానికి పైనున్న కరోనా వేడి 10 లక్షల డిగ్రీలు దాటుతుంది. ఈ సెగ ఎక్కణ్నుంచి వస్తోందో ఎనభై ఏళ్లుగా తేలడం లేదు.

స్వీడన్ శాస్త్రవేత్త హానెస్ ఆల్ఫ్‌వెన్ 1942లో ఓ దారి చూపారు. విద్యుదావేశం నిండిన వాయువులో అయస్కాంత రేఖలు బిగించిన తీగల్లా ఉంటాయని, కింద కదిలిస్తే కుదుపు అలలా పైకి పాకుతుందని చెప్పారు. అలను కళ్లారా చూడటమే కష్టమైంది. సూర్యబింబం వెలుగులో కరోనా వెలుగు పది లక్షల వంతు మాత్రమే. సంపూర్ణ గ్రహణం పడితే తప్ప మామూలు కంటికి ఆనదు.

దొరికింది సగమే

2007లో అమెరికాలోని న్యూమెక్సికోలో స్టీవ్ టామ్‌చిక్ బృందం కరోనాలో అలలను గుర్తించింది. అయితే వాటిలో కనిపించిన శక్తి కరోనాను వేడెక్కించడానికి చాలదని తేలింది. 2025 అక్టోబరులో రిచర్డ్ మోర్టన్ బృందం మరో అడుగు వేసింది. హవాయిలోని 4 మీటర్ల ఇనోయే టెలిస్కోపుతో మెలి తిరిగే చిన్న అలల ఆనవాళ్లు పట్టింది. తాడు మెలి తిరిగితే ఒక అంచు మనవైపు వస్తుంది, రెండోది వెనక్కి పోతుంది. వెలుగు రంగులో వచ్చే ఆ చిన్న తేడాయే ఆధారం. అటూఇటూ ఊగే అలల కదలికను లెక్కలోంచి తీసేశాకే ఇది బయటపడింది.

అల దొరికిందంటే గుట్టు విప్పినట్టేనా? కాదు. ఎంత శక్తి మోస్తోంది, దాన్ని ఎక్కడ వేడిగా దించుతోంది అన్నవే అసలు ప్రశ్నలు. ఆ వేడి లెక్కలేనన్ని బుల్లి పేలుళ్ల పుణ్యమేనన్న వాదన ఇంకా గట్టిగానే ఉంది.

మనకేం పని?

కరోనా నుంచే సౌర తుపాన్లు బయల్దేరతాయి. 1989 మార్చిలో అలాంటి తుపాను కెనడాలోని క్యూబెక్‌లో సుమారు 60 లక్షల మందిని 9 గంటలపాటు చీకట్లో ఉంచింది. ఉపగ్రహాలకూ ముప్పే. కరోనా తీరు తెలిస్తేనే ముందస్తు హెచ్చరిక మెరుగుపడుతుంది.

ఆ పని మన పొరుగునా సాగుతోంది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయల్దేరిన ఆదిత్య-ఎల్1లో ముఖ్య పరికరాన్ని బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ తయారుచేసింది. పని జరిగింది హోసకోటలోని ఆ సంస్థ ప్రాంగణంలో. సూర్యబింబాన్ని కప్పేసి, గ్రహణం లేకుండానే కరోనాను చూపడం దాని పని. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆదిత్యకు మబ్బు అడ్డం రాదు, రాత్రి అడ్డం రాదు. నేలమీది టెలిస్కోపులకు లేని సౌలభ్యం ఇదే.

ఆదిత్య పంపిన సమాచారాన్ని ఇస్రో అందరికీ అందుబాటులో పెడుతోంది. కోలారు, హోసూరు కాలేజీల్లో భౌతికశాస్త్రం చదివే పిల్లలూ దాన్ని చూడొచ్చు. అలలు ఉన్నాయన్న సంగతి ఇప్పటికి తేలింది. వాటి బలాన్ని తూకం వేసే పని మాత్రం ఇంకా చాలా మిగిలి ఉంది.