పెట్టె చవక, ఆట ప్రియం!

సినిమా పత్రికలో వీడియో గేముల గోల ఏమిటండీ అని ముక్కు మీద వేలేసుకోకండి. ఏ సినిమా ఏ సెంటర్లో ఎన్ని రోజులాడిందో నిద్రలో లేపి అడిగినా చెప్పగల మన పాఠకులకి ఈ వ్యాపారం ఇట్టే అర్థమవుతుంది. ఇదీ రిలీజుల వ్యాపారమే, ఇదీ హక్కుల వ్యాపారమే!

రామచంద్రపురంలో పాతకాలపు ప్రేక్షకుల్ని కదిపి చూడండి. పెద్ద హీరో సినిమా ముందు కాకినాడలోనో రాజమండ్రిలోనో పడేది. అక్కడ కలెక్షన్లు పలచబడ్డాక గానీ రీలు పెట్టె మన ఊరి ముఖం చూసేది కాదు. ఆగలేనివాళ్లు బస్సెక్కి పోయేవారు. టిక్కెట్టు ఎంతైనా, బస్సు ఛార్జీ, హోటల్లో టిఫిను కలిస్తే తడిసి మోపెడయ్యేది.

గేముల కంపెనీలు సొమ్ము చేసుకునేది కూడా సరిగ్గా ఈ ఆగలేనితనాన్నే. ‘రైజ్ ఆఫ్ ది టూంబ్ రైడర్’ 2015 నవంబరులో మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ మీదే విడుదలైంది. సోనీ వారి ప్లేస్టేషన్ ఉన్నవాళ్లు 2016 అక్టోబరు దాకా గుటకలు మింగారు. సోనీ వారేం తక్కువ తిన్నారా? 2018లో వచ్చిన స్పైడర్‌మ్యాన్ ఆటని తమ ప్లేస్టేషన్‌కే కట్టేసుకుని, కంప్యూటర్ వాళ్లకి 2022లో గానీ వదల్లేదు. హీరో కాల్షీట్లన్నీ ఒకే నిర్మాత జేబులో వేసుకున్నట్టు!

మన తెలుగు నేల మీదా ఓ ముచ్చట జరిగింది సుమండీ. హైదరాబాదులో తయారైన ‘హనుమాన్: బాయ్ వారియర్’ 2009లో ప్లేస్టేషన్ 2 మీదే విడుదలైంది. అప్పటికి ప్లేస్టేషన్ 3 వచ్చి రెండేళ్లు దాటింది. అయినా పాత పెట్టెకే ఎందుకిచ్చారంటారు? మన దేశంలో మధ్యతరగతి ఇంట్లోకి రాగలిగిన పెట్టె అదే కాబట్టి. కొత్తది కొనే స్తోమతు ఎందరికుంది?

ఇక ధరల దగ్గర జరిగే డ్రామా మన సినిమాల్లో ఇంటర్వెల్ మలుపుకి తీసిపోదు. 1995 మే నెల, లాస్ ఏంజెలెస్‌లో ప్రదర్శన. సెగా వారు తమ శాటర్న్ పెట్టె 399 డాలర్లని ప్రకటించారు. తర్వాత సోనీ తరఫున స్టీవ్ రేస్ అనే ఆయన మైకు దగ్గరికొచ్చి ‘299’ అని ఒక్క అంకె చెప్పి దిగిపోయాడు. హాలంతా చప్పట్లు! సెగా అక్కడే సగం చచ్చింది.

ఇంత చవగ్గా ఇస్తే వాళ్లకేం మిగులుతుందీ అంటారా? పెట్టె మీద మిగలక్కర్లేదండీ. ప్లేస్టేషన్ 5 ఖరీదైన రకం మీద నష్టం పోయిందని సోనీ వారు చెప్పింది 2021 ఆగస్టులో, అంటే అది బజారులోకి వచ్చిన తొమ్మిది నెలలకి. రాబడంతా ఆటల మీద. వాళ్ల ఆన్‌లైను దుకాణంలో ఎవరి ఆట అమ్ముడైనా సుమారు 30 శాతం పెట్టె యజమానికే ముడుతుంది.

ఇప్పుడు మన జేబు సంగతి చూద్దాం. ప్లేస్టేషన్ 5 మన దేశానికి 2021 ఫిబ్రవరి 2న వచ్చింది. డిస్కు పెట్టుకునేది 49,990 రూపాయలు, డిస్కు పెట్టే చోటే లేని డిజిటల్ రకం 39,990. 2022 నవంబరులో రెండూ అయిదేసి వేలు పెరిగాయి. వెనకటికి పాతబడేకొద్దీ పెట్టె ధర దిగేది. ప్లేస్టేషన్ 2 అమెరికాలో 2000లో 299 డాలర్లైతే 2009కి 99కి వచ్చింది. ఈ తరం పెట్టె ఎదురు నడుస్తోంది!

సరే, పదివేలు తక్కువంటే నాన్నగారిని ఒప్పించడం తేలికే. కానీ అసలు మెలిక ఆ పదివేల్లోనే ఉంది. సోనీ వారి సొంత కొత్త ఆటలు కొన్ని 4,999 రూపాయలు. డిస్కు అయితే ఆడేశాక ఇంకొకడికి సగం ధరకి అమ్మొచ్చు. అలా నాలుగు ఆటలు అమ్మితే ఆ పదివేలూ తిరిగొచ్చేసినట్టే. డిజిటల్‌లో కొన్న ఆటని అమ్మలేరు, పక్కింటి బావకి ఓ ఆదివారం అరువివ్వలేరు. పైగా దుకాణం ఒక్కటే, వాళ్లు చెప్పిందే ధర.

తమాషా ఏమిటంటే, 2013 జూన్‌లో మైక్రోసాఫ్ట్ వారు డిస్కుల మార్పిడికి ఆంక్షలు పెట్టబోతే వెక్కిరించింది ఈ సోనీ వారే. ఆట ఎలా పంచుకోవాలో నేర్పుతామంటూ చిట్టి వీడియో తీశారు. ఒకాయన డిస్కు తీసి పక్కాయన చేతిలో పెడతాడు, థాంక్స్ అంటాడతను, అంతే సినిమా! జనం గోలకి మైక్రోసాఫ్ట్ ఆ నెలలోనే వెనక్కి తగ్గింది. ఏడేళ్లు తిరిగాయో లేదో, డిస్కు దూరే సందే లేని పెట్టె తెచ్చింది ఎవరనుకున్నారు?

ఈ మధ్య ఆటల మధ్య గోడలు కాస్త బీటలు వారుతున్నాయి లెండి. ఒకప్పుడు ఎక్స్‌బాక్స్ పరువంతా మోసిన ‘గేర్స్ ఆఫ్ వార్’ కొత్త ముస్తాబుతో 2025 ఆగస్టులో ప్లేస్టేషన్ 5 మీదకీ వచ్చేసింది. కాబట్టి ఒక్క ఆట కోసం పెట్టె కొనేముందు ఓ ఏడాది ఓపిక పట్టి చూడొచ్చు. అంతకన్నా ముందు ఊళ్లో మీ స్నేహితుల దగ్గర ఏ పెట్టె ఉందో, డిస్కుదో కాదో వాకబు చెయ్యండి. నలుగురూ నాలుగు డిస్కులు కొని మార్చుకుంటే ఒక్కొక్కరికీ నాలుగేసి ఆటలు, తలకి 4,999 ఖర్చు. అదే డిజిటల్‌లో ఎవరివి వాళ్లు కొంటే? తలకి 19,996 అండి!