ఆమె పనికి వెళ్తోంది, దారివ్వండి

మా కింది వాటాలో ఉండే విజయవాడ కుర్రాడు జపాన్ వెళ్లొచ్చాడు. "ఆంటీ, ఇది చూడండి" అంటూ ఫోన్ చేతికిచ్చాడు. క్యోటోలోని గియోన్ పేట. ముఖానికి తెల్లరంగు పూసుకున్న అమ్మాయి తల వంచుకుని గబగబా నడుస్తోంది. వెనక ఫోన్లెత్తి పదిమంది. ఆ పిల్ల ఒక్కసారీ తలెత్తలేదు.

"పనికి వెళ్తోంది బాబూ" అన్నాను. మన చెన్నైలో షోళింగనల్లూరు సిగ్నల్ దగ్గర కంపెనీ బస్సు కోసం పరుగెత్తే ఆడపిల్లను ఇలా వెంబడిస్తే ఊరుకుంటామా?

ఆ అమ్మాయి లాంటి కళాకారిణులను గెయిషాలంటారు, క్యోటోలో గెయికో అంటారు. ఇంకా విద్య నేర్చుకుంటున్న అమ్మాయి మైకో. పాట, నాట్యం, షమిసెన్ వాద్యం ఏళ్ల తరబడి సాధన చేస్తారు. గియోన్ సందుల్లో ఉన్నవి వాళ్ల ఇళ్లు, వాళ్లు కచేరీ చేసే తేనీటి శాలలు. కిమోనో పట్టి లాగేవాళ్లు కూడా తయారయ్యాక అక్కడివాళ్లు 2019లో ప్రైవేటు సందుల్లో ఫొటోలు తీయకూడదన్నారు, పదివేల యెన్‌ల జరిమానా అని బోర్డులు పెట్టారు. అయినా ఆగలేదు. 2024లో ఆ సందుల్లోకి పర్యాటకులే రావద్దన్నారు. నా దృష్టిలో అది న్యాయమే.

నేను పిల్లలకు పదాలు పాడటం నేర్పుతాను. అందుకే గెయికోల మాట వస్తే నాకు వీణ ధనమ్మాళ్ (1867–1938) గుర్తొస్తారు. ఇదే చెన్నై జార్జిటౌన్‌లో, శుక్రవారం సాయంత్రాలు ఆమె ఇంట్లో వీణ వినడానికి పెద్ద పెద్ద విద్వాంసులు వచ్చేవారు. కిక్కురుమనకుండా కూర్చునేవారు. మన క్షేత్రయ్య పదాలను తమిళ దేశంలో అంత భద్రంగా కాపాడింది ఆమె దేవదాసీ కుటుంబమే. అలాంటి కళాకారిణులను పిలిచే మాటను మన తెలుగులో తిట్టుగా మార్చుకున్నాం. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు. ధనమ్మాళ్ మనవరాలు బాలసరస్వతి 1961లో టోక్యోలో నాట్యం చేశారు. అక్కడివాళ్లు ఆమెను సభలో కూర్చుని చూశారు.

క్యోటో వెళ్లే మన పిల్లలకు నా విన్నపం ఒక్కటే. ఏప్రిల్‌లో అయితే మియాకో ఒదోరికి టికెట్ కొనుక్కోండి. 1872లో మొదలైన ఆ ప్రదర్శనలో గియోన్ గెయికోలు, మైకోలే నాట్యం చేస్తారు, కళ్లారా చూడండి. వీధిలో ఎదురైతే ఫోన్ జేబులో పెట్టి, పక్కకు జరిగి దారివ్వండి.