నగరము చూచుట

సెలవుదినము వచ్చినంతనే నలుగురు మిత్రులు కూడి నగరము చూచి వచ్చుట నేడు పరిపాటియైనది. చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములవారికి హైదరాబాదు దూరము కాదు. చేవెళ్లనుండి సుమారు 40 కిలోమీటర్లు. మొయినాబాదునుండి అంతకన్నను తక్కువ. తెల్లవాఱగనే బయలుదేఱి గోలకొండ, చార్మినారు, సాలార్‌జంగ్ మ్యూజియము, హుస్సేన్‌సాగరము చుట్టి, అడుగడుగునను ఫొటోలు తీసికొని, దీపాలవేళకు ఇల్లు చేరుదురు. "ఏమేమి చూచితిరి?" అని యడిగినచో ఏకరువు పెట్టుదురు. "ఏమి తెలిసికొంటిరి?" అని యడిగినచో ఒకరి మొగము నొకరు చూచుకొందురు. వారిని తప్పుపట్టుట నా యుద్దేశము కాదు. చాలకాలము నేనును అట్లే చూచితిని. మన యూరికిని నగరమునకును గల సంబంధమును గుర్తించినప్పుడే నగరమును చూచినట్లని ఇప్పుడు నా యభిప్రాయము. అది నాకెట్లు కలిగినదో చెప్పెదను.

కొన్ని యేండ్ల క్రిందట బాల్యమిత్రులము ముగ్గురము ఒక కారులో చేవెళ్లనుండి బయలుదేఱితిమి. ఒకడు కూరగాయలు పండించు రైతు. ఇంకొకడు బ్యాంకు ఉద్యోగము చేసి విరమించినవాడు. నేను బడిపంతులను. బ్యాంకు మిత్రుడు ఏడు ప్రదేశముల పేర్లు కాగితముపై వ్రాసి, ఒక్కొక్కదాని కెదురుగా వేళనుగూడ వేసికొని వచ్చెను.

ఊరు దాటగనే మఱ్ఱిచెట్ల వరుస మొదలైనది. మన్నెగూడనుండి అప్పా కూడలివఱకు గల యీ దారిలో 900కు పైగా మఱ్ఱిచెట్లు లెక్కకు వచ్చినవి. నిజాముల కాలమున బాటసారుల నీడకొఱకు నాటినవి. రైతు మిత్రుడు ఒక చెట్టుకడ కారాపించి, "మా నాయన వంకాయల బండి కట్టుకొని రాత్రి బయలుదేఱి, ఇక్కడనే ఎడ్లకు మేత వేసెడివాడు. తెల్లవాఱుసరికి మీరాలం మండి చేరవలెను గదా!" అనెను. "ఇచ్చటనే పది నిమిషములు పోయినచో గోలకొండ మాటేమి?" అని బ్యాంకు మిత్రుడు తొందరపెట్టెను. నాకును తొందరగానే యుండెను.

మొయినాబాదు దాటి, కొంచెము దారి మళ్లి గండిపేట చెఱువుగట్టున నిలిచితిమి. ఇది మూసీనదికి అడ్డముగా కట్టిన ఉస్మాన్‌సాగరము. వికారాబాదు దాపున అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ మన ప్రాంతపు వాననీటిని కూడగట్టుకొని ఇచ్చటికి వచ్చును. దక్షిణపు దిక్కున ఈసీనది హిమాయత్‌సాగరమును చేరును. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచివైచినది. వేలకొలది జనులు మరణించిరి. పిదప నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించి సలహా నడిగెను. వరదను నగరమునకు ఎగువననే ఆపవలెనని వారు చెప్పిరి. 1920లో ఉస్మాన్‌సాగరము, 1927లో హిమాయత్‌సాగరము పూర్తియైనవి. వరదకు అడ్డుగా కట్టిన యీ జలాశయములే దశాబ్దములపాటు నగరవాసుల దాహము తీర్చినవి. ఇదంతయు నేను పిల్లలకు పాఠముగా చెప్పినదే. కాని గట్టుమీద నిలిచి మాటలాడుకొన్నది మాత్రము ఫొటోకు వెలుతు రెటునుండి వచ్చుచున్నదను సంగతియే!

గోలకొండను పైపైన చూచి, మధ్యాహ్నమునకు అఫ్జల్‌గంజు చేరితిమి. ఎండ తీవ్రముగా నుండుటచే ఉస్మానియా ఆసుపత్రి ఆవరణములోని పెద్ద చింతచెట్టు నీడకు పోతిమి. అక్కడ మూట ప్రక్కన పెట్టుకొని కూర్చున్న యొక వృద్ధురాలు మా మాటలు విని, "అయ్యా, మీది చేవెళ్ల దిక్కేనా? మాట ఇనంగనే మనోళ్లే అనుకున్న" అనెను. ఆమెది మా ప్రక్క యూరే. భర్తకు శస్త్రచికిత్స జరిగినది. కొడుకు వచ్చి తండ్రికడ నుండగా, ఆమె ఆ సాయంకాలము ఇల్లు చేరి పాడిగేదెను చూచుకొనవలెను. మెహదీపట్నమునకు పోవు బస్సెచ్చట నిలుచునని ఆమె యడిగినది.

"చార్మినారు చూచితివా అమ్మా?" అని బ్యాంకు మిత్రుడు మాటవరుస కడిగెను.

"ఏడ జూసుడయ్యా! తొమ్మిది దినాలాయె. ఈ చెట్టు, ఆ వార్డు, గంతే. ఈ చెట్టు ఎనుకట వరదల నూట యాభై మందిని కాపాడిందట. ఊడ్చే ఆమె జెప్పింది. మా ముసలాయన్ని గూడ కాపాడుమని దీనికే మొక్కుకున్న."

ఆమె చెప్పినది నిజము. 1908 వరదలో దాదాపు 150 మంది ఆ చింతకొమ్మలను పట్టుకొని ప్రాణములు దక్కించుకొనిరని ప్రసిద్ధి. మా జాబితాలోని యేడు ప్రదేశములలో ఆ చెట్టు లేదు. ఉదయము గట్టుమీద నిలిచి మేము చూడని దానిని, నగరములో ఒక వింతయైనను చూడని ఆమె మాకు చూపినది. గండిపేట గట్టు ఏ దుఃఖమునుండి పుట్టినదో ఆ దుఃఖమునకు సాక్షి యీ చెట్టు. మన యూరి వాననీరు, మన యూరి రోగి, మన యూరి వంకాయల బండి, అన్నియు ఆ నగరమునకే చేరుచున్నవి.

మిత్రుడు కాగితము మడిచి జేబులో పెట్టుకొనెను. సాయంకాలము మాతో కారులోనే రమ్మని ఆమెకు చెప్పి, మిగిలిన వేళలో కాలినడకన బయలుదేఱితిమి. 1891లో అసఫియా గ్రంథాలయముగా వెలసిన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమును చూచి, నయాపూలుమీద నిలిచి మూసీని చూచితిమి. ఆవలి గట్టున హైకోర్టు భవనమును, పత్తర్‌గట్టి దుకాణములను దాటి 1591 నాటి చార్మినారు చేరితిమి. అడుగడుగునను ఒకరినొకరము ప్రశ్నించుకొంటిమి. జాబితాలో నాలుగు చూడకయే మిగిలిపోయినవి. చీకటిపడునప్పటికి ఆమెను ఇంటికడ దింపితిమి. నెలదినములకు ఆమె భర్తయు ఇల్లు చేరెనని విని సంతోషించితిమి.

"పడుచువారు వినోదమునకై పోవుదురు, వారికి చరిత్ర యేల?" అని కొందఱందురు. వినోదము తప్పు కాదు. మిత్రులతో కూడి నవ్వుచు పోవు దారికన్న చక్కని దారి లేదు. అయితే ప్రశ్నించు మిత్రుడు తోడున్నచో వినోదము తఱుగదు, పెరుగును. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణమునుండి కాశికి పోవుచు హైదరాబాదునుగూడ చూచిరి. దారిలో తాము చూచినదెల్ల మిత్రునకు వ్రాయుచు వచ్చిరి. మజిలీలు, నీటివసతి, జనుల నడవడి, దేనిని విడువలేదు. ఇంటనున్న మిత్రునకు చెప్పవలెనను తలంపే వారి చూపునకు పదును పెట్టినదని నేననుకొందును.

సంబంధము నెఱిగినవానికి బాధ్యతయు కలుగును. ఆ మఱ్ఱిచెట్ల దారిని వెడల్పు చేయవలెనని ప్రభుత్వము తలపెట్టగా, చెట్లను కాపాడుమని కొందఱు జాతీయ హరిత ట్రిబ్యునలు నాశ్రయించిరి. 2025 నవంబరు 3న ఆ దారిలోనే మీర్జాగూడ దగ్గఱ కంకర టిప్పరు తాండూరునుండి వచ్చు ఆర్టీసీ బస్సును ఢీకొనగా సుమారు 20 మంది మరణించిరి. వారిలో నగరమున చదువుకొను విద్యార్థినులును ఉండిరి. చెట్టు కావలెనా, ప్రాణము కావలెనా అని అడుగుట సులభము. బస్సులోనివారును మనవారే, నీడనిచ్చిన చెట్లును మనవే యని యెఱిగినవాడు అంత సులభముగా పలుకలేడు. రెండును నిలుచు ఉపాయమును వెదకుట కష్టమైనను అదియే వెదకవలెను. దారిని చూడక నగరమునకు పరుగెత్తువారికి ఆ కష్టమే కనబడదు.

విద్యార్థులారా! మీరును మిత్రులతో నగరమునకు పోవుదురు. ఏడు చోట్లకు మాఱుగా మూడు చోట్లు చూడుడు. నడువగలిగినంత దూరము నడువుడు. మన యూరినుండి అచ్చటికి ఏమి పోవుచున్నది, అచ్చటినుండి మనకేమి వచ్చుచున్నది, ఎవరు కట్టిరి, ఎవరు మోసిరి అని ఒకరినొకరు అడుగుకొనుడు. ఇల్లు చేరిన తరువాత, పోలేకపోయినవారి ప్రక్కన కూర్చుండి చూచినది చెప్పుడు. చెప్పుటకు మాటలు దొరికినచో మీరు నగరమును చూచినట్లే.