క్లబ్బులో చేరడానికి ఇంటిపేరెందుకు?

కొత్త బ్యాచ్ వచ్చిందంటే చాలు, క్యాంపస్‌లో క్లబ్బుల హడావుడి మొదలు. కోడింగ్ క్లబ్, రోబోటిక్స్, డాన్స్, ఫోటోగ్రఫీ, మన లిటరరీ క్లబ్, అందరూ ఫస్టియర్ వాళ్లని పిలుస్తారు. పద్ధతి అన్నిట్లో ఒకటే. ఒక గూగుల్ ఫారం, ఒక టాస్క్, తర్వాత ముగ్గురు సీనియర్ల ముందు ఇంటర్వ్యూ. రెండ్రోజులకి వాట్సాప్‌లో లిస్టు. పేరు లేనోళ్లకి ఎందుకు లేదో ఎవరూ చెప్పరు.

ఇది చిన్న విషయం కాదు. హ్యాకథాన్ టీములు, సీనియర్ల రిఫరల్స్, రెజ్యూమెలో ఒక మంచి లైను, అన్నీ ఇక్కడి నుంచే వస్తాయి. ఫస్టియర్‌లో బయట ఉండిపోయినోడు ఫైనలియర్ దాకా బయటే ఉంటాడు.

అమెరికాలో ఫ్రాటర్నిటీలు ఉంటాయి. గ్రీకు అక్షరాల పేరుతో మొదటిది, ఫై బీటా కప్పా, 1776లో విలియం అండ్ మేరీ కాలేజీలో పుట్టింది. ఇప్పుడు అక్కడ 'రష్' అని కొన్ని రోజులు పరిచయాలు, పార్టీలు జరుగుతాయి. నచ్చితే 'బిడ్' ఇస్తారు, అంటే రమ్మని పిలుపు. తర్వాత కొన్నాళ్లు కొత్త మెంబర్‌గా ఉండాలి. ఎవరిని తీసుకోవాలో మెంబర్లే తేలుస్తారు. అప్పట్లో నల్లజాతి విద్యార్థులకి ఆ తలుపులు మూసే ఉండేవి. అందుకే 1906లో కార్నెల్‌లో ఏడుగురు కలిసి ఆల్ఫా ఫై ఆల్ఫా పెట్టుకున్నారు. మన దగ్గర ఫ్రాటర్నిటీలు లేవు కానీ, మనకి నచ్చినోళ్లనే తీసుకునే అలవాటు మాత్రం ఉంది.

ఇంటర్వ్యూలో "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అయిపోయాక వచ్చే ప్రశ్నలు చూడండి. "యా ఊరు?" "ఇంటిపేరేంది?" "మీ నాయిన ఏం చేస్తాడు?" కర్నూలు, కడపల్లో పెరిగినోళ్లకి ఇవి ఎందుకు అడుగుతారో విడిగా చెప్పక్కర్లేదు. పైథాన్‌కి ఇంటిపేరుతో పనేంటి?

రెండోది ఇంగ్లీష్. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం, కాబట్టి ఆ పది నిమిషాలు నాకు ఈజీ. కోసిగి, ఆలూరు వైపు గవర్నమెంట్ స్కూళ్లలో చదివి, అమ్మానాయిన మిరప కోతలకి గుంటూరు పోతే అవ్వ దగ్గరుండి ఇంజనీరింగ్ దాకా వచ్చినోళ్లు మన క్లాసుల్లో ఉన్నారు. ల్యాబ్‌లో పాయింటర్స్ దగ్గర అందరం ఇరుక్కుంటే సాల్వ్ చేసేది వాళ్లే. ఇంటర్వ్యూలో మూడో వాక్యానికి ఆగిపోయేదీ వాళ్లే. మూడోది టైము. మీటింగ్ సాయంత్రం ఐదుకి పెడితే, నాలుగున్నరకే కాలేజీ బస్సెక్కే డోన్, నందికొట్కూరు పిల్లల సంగతేంటి?

"అందరినీ తీసుకుంటే పని ఎవడు చేస్తాడు బ్రో?" అని సీనియర్లు అంటారు. న్యాయమైన ప్రశ్నే. సెలెక్ట్ చేయండి, కానీ పని చూసి చేయండి. 1969 నుంచి నడుస్తున్న ఎన్‌ఎస్‌ఎస్‌లో లెక్క గంటల్లో ఉంటుంది, రెండేళ్లలో 240. ఎంత బాగా మాట్లాడావు అని కాదు, ఎంత పని చేశావు అని. మనం కూడా మొదటి నెల అందరినీ రానిచ్చి, వచ్చి పని చేసినోళ్లని ఉంచుకోవచ్చు. ప్రశ్నలు ముందే పెట్టొచ్చు. తెలుగులో జవాబిచ్చినా మార్కులేయొచ్చు. లిస్టులో లేనోళ్లకి కారణం ఒక్క లైనులో చెప్పొచ్చు. వీటికి రూపాయి ఖర్చు లేదు.

ఫస్టియర్ తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక మాట. 'టాస్క్' పేరుతో ఎవరైనా అవమానిస్తే అది రిక్రూట్‌మెంట్ కాదు, ర్యాగింగ్. మన రాష్ట్రంలో 1997 నుంచే దానికి చట్టముంది. యూజీసీ 2009లో రూల్స్ పెట్టింది. కులం, భాష, పుట్టిన ఊరు, ఆర్థిక పరిస్థితి పట్టుకుని వేధించడం కూడా ర్యాగింగే అని 2016లో చేర్చింది. హెల్ప్‌లైన్ నంబరు 1800-180-5522, సేవ్ చేసుకోండి.

ఇక మన క్లబ్బు సంగతి. తెలుగు లిటరరీ క్లబ్బులో చేరే ఫారం మొత్తం ఇంగ్లీష్‌లోనే ఉంది. మార్పు అక్కడి నుంచే మొదలుపెడదాం. వచ్చే బ్యాచ్‌కి ఫారం తెలుగులో ఉండాలి, అందులో ఇంటిపేరు గడి ఉండకూడదు.