రోగిని అప్పగించుటకు ముందు



శ్రీకాకుళము జిల్లానుండి యొక సోదరి గడచిన మాసమున నాకొక జాబు వ్రాసినది. ఆమె భర్తకు మూత్రపిండములు రెండును చెడినవట. వారమునకు మూడుసారులు డయాలిసిస్ చేయింపవలెనని వైద్యులు చెప్పిరట. “మాకు పోదగిన కేంద్రములు రెండున్నవి. ఒకటి చలువరాళ్లతోను అద్దములతోను మెఱయుచున్నది. రెండవది సర్కారు ఆసుపత్రిలో పాతగోడల నడుమ నున్నది. పెద్దచదువులు లేనిదానను, ఏది మంచిదో యెట్లు తెలిసికొందును?” అని యామె యడిగినది. ఈ మాసపు ముచ్చట యంతయు ఆ జాబునకు ప్రత్యుత్తరమే.

ఈ ప్రశ్న యామె యొక్కతెది కాదు. మధుమేహమును రక్తపుపోటును పట్టణములలోనే కాక పల్లెలలోను ప్రబలి మూత్రపిండములను చెఱచుచున్నవి. ఉద్దానపు పల్లెలలోనైతే మధుమేహము లేని కష్టజీవులకు సైతము ఈ వ్యాధి వచ్చుచున్నది. కారణ మిదియే యని శాస్త్రజ్ఞులు ఇంకను నిశ్చయింపలేకున్నారు. 2016లో కేంద్రప్రభుత్వము జిల్లా ఆసుపత్రులలో బీదలకు ఉచితముగా డయాలిసిస్ చేయు జాతీయపథకమును ప్రకటించినది. 2023 డిసెంబరులో పలాసయందు మూత్రపిండవ్యాధుల పరిశోధన కేంద్రమును, 200 పడకల ఆసుపత్రియు ప్రారంభింపబడినవి. కేంద్రము దొరకుటయే భాగ్యమను కాలము కొంత గడచినది. దొరకిన కేంద్రము మంచిదో కాదో యెఱుగుట యిక మన పని.

నేను వైద్యము చదివినదానను కాను. మా తండ్రిగారు ఇంటియొద్దనే భారత భాగవతములు చెప్పించిరి; అంతియే. ఇచట వ్రాయునది రెండేండ్లుగా మా అత్తగారి ప్రక్కన బల్లపై కూర్చుండి నేర్చుకొన్నది, వైద్యులను నర్సులను అడిగి సరిచూచుకొన్నది.

మొదట మేము పోయిన కేంద్రము పేరు చెప్పను. అచట చల్లని గది, మెత్తని కుర్చీలు, గోడకు టీవీ, వెంట వచ్చినవారికి కాఫీ. నర్సులు “మామ్మగారూ” అని ఆప్యాయముగా పిలిచెడివారు. వైద్యుడు వ్రాసిన చీటిలో నాలుగు గంటలని యున్నది. మూడుంబావు గంటలు కాగానే సూదులు తీసివేసెడివారు. తరువాతి రోగి గుమ్మమున వేచియుండెను గదా! అత్తగారు సంతోషించిరి. నేనును సంతోషించితిని. దాచనేల? పిల్లలు బడినుండి వచ్చువేళకు ఇల్లు చేరవచ్చునను ఆశతో “కొంచెము ముందుగా విడువుడమ్మా” అని నేనే రెండు మూడుసారులు అడిగితిని.

మూడవ నెలలో అత్తగారికి అన్నము సయింపదాయెను. ఒళ్లంతయు దురద, పాదములకు వాపు. ఒకరాత్రి పరుండలేక గోడకు చేరగిలబడి తెల్లవాఱువఱకు ఆయాసపడిరి. “అఱువది యాఱేండ్లు వచ్చినవి గదమ్మా, ఇంక ఇంతే” అని తామే నన్ను ఓదార్చిరి. కేంద్రమున అడుగగా వారును వయసే యనిరి.

మా యింటివారు బడిలో లెక్కలు చెప్పువారు. మఱునాటి రాత్రి కేంద్రమువా రిచ్చిన కాగితములను ముందు వేసికొని కూర్చుండిరి. డయాలిసిస్‌కు ముందు రక్తములో యూరియా 140; ముగిసిన పిదప 62. తగ్గినది 78. నూటికెంత యని చూడగా 56కు లోపలనే. కనీసము 65 తగ్గవలెనని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. కె.టి. బై వి. అను మఱియొక లెక్క గలదు. వారమునకు మూడుసారులు చేయించుకొనువారికి అది 1.2కు తక్కువ కారాదు. “పిల్లవాని కాగితమైనచో తప్పినాడని వ్రాసియుందును. ఇది మూడునెలలుగా తప్పుచున్నది, మన మెవరమును చూడలేదు” అని వారనిరి. ఆ మాట నాకు ఇప్పటికిని గుచ్చుకొనుచున్నది. నే నడిగి తగ్గించిన ఘడియలును ఆ లెక్కలో నున్నవి.

సంజీవిని యేదో గుఱుతింపలేక హనుమంతుడు పర్వతమునే పెకలించి తెచ్చెను. మనకంత బలము లేదు; కనుక గుఱుతులే తెలిసికొనవలెను. చరకసంహితలో చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ద్రవ్యము, పరిచారకుడు, రోగి. ఆ కాలమువారు ఈ యంత్రము నెఱుగరు. అయినను కేంద్రమును పరికించుటకు ఆ నాలుగు పాదములే నాకు అక్కఱకు వచ్చినవి. మంచమునకు మూడుకోళ్లు గట్టివైనను నాలుగవది పొట్టిదైనచో పరుండినవారు జాఱిపడుదురు.

మొదట ద్రవ్యమును చూడుడు. ఇచట ముఖ్యద్రవ్యము మందు కాదు, నీరు. యంత్రపు ఫిల్టరులో ఒక ప్రక్క రక్తమును, ఒక ప్రక్క మందునీరును పాఱుచుండగా నడుమ పలుచని పొర మాత్రమే యుండును. ఆ నీరు సాధారణముగా నిమిషమునకు అర లీటరు. నాలుగు గంటలకు 120 లీటర్లు. కుళాయినీటిలో కలుపు క్లోరిన్ మన కడుపులోనికి పోయినను హాని లేదు; ఈ పొర దాటి రక్తమున కలిసినచో ఎఱ్ఱకణములు పగిలిపోవును. 1996లో బ్రెజిల్ దేశమున కరుఆరూ అను పట్టణములోని యొక డయాలిసిస్ కేంద్రమునకు జలాశయపు నీరు సరిగా శుద్ధికాక చేరినది. అందలి నాచువలన పుట్టిన విషము రోగుల రక్తమున కలిసి యేబదిమందికి పైగా మరణించిరి. గోడలు ఎంత తెల్లగా నున్నను నీటి సంగతి వానివలన తెలియదు.

కావున అడుగవలసిన దిది: నీటిని శుద్ధిచేయు ఆర్.ఓ. గది యేది? రోగులకు యంత్రము తగిలించుటకు ముందు ప్రతిదినమును క్లోరిన్ పరీక్ష జరుగుచున్నదా? సూక్ష్మజీవుల పరీక్ష కడపట ఏ తేదీని జరిగినది? ఆ పుస్తకము చూపుదురా? ఫిల్టరునుగూర్చియు అడుగుడు. కొన్నిచోట్ల ఒక రోగికి వాడినదానిని కడిగి మరల ఆ రోగికే వాడుదురు. పద్ధతిగా చేసినచో అది తప్పు కాదు. కాని దానిపై రోగి పేరును, ఎన్నవసారియో ఆ సంఖ్యయు నుండవలెను. కడిగిన మందు లోపల మిగులలేదని పరీక్షింపవలెను. పేరు చదివి రోగి అవుననిన పిదపనే తగిలింపవలెను. తెలంగాణ ప్రభుత్వ కేంద్రములలో ఒకసారి వాడిన ఫిల్టరును పాఱవేయు పద్ధతి ప్రవేశపెట్టబడినది.

రెండవది పరిచారకుడు. సేవావిధానము నెఱుగుట, నేర్పు, అనురాగము, శౌచము అను నాలుగు గుణములు పరిచారకుని కుండవలెనని చరకము. మా మొదటి కేంద్రమున అనురాగము నిండుగా నుండెను, శౌచమే కొఱవడెను. ఒకే తొడుగులతో ముగ్గురు రోగులను ముట్టుట నేను కన్నులార చూచితిని. చూచియు, అంత ప్రేమగా పలుకరించు పిల్లను ఏమనగలనని యూరకుంటిని. మీరట్లు చేయకుడు. ఒక రోగినుండి మఱియొక రోగియొద్దకు పోవునపుడెల్ల చేతులు కడిగికొని కొత్త తొడుగులు వేసికొనవలెను. కుర్చీని యంత్రమును తుడువవలెను. హెపటైటిస్ బి కలిగించు క్రిమి రక్తపు మరక యెండిన పిదపను వారముదినములు బ్రదికియుండ గలదు. అందుచేత ఆ వ్యాధి కలవారికి వేఱు గది, వేఱు యంత్రము ఉండవలెను. లేనివారికి టీకా వేయింపవలెను.

చేతిలో ఫిస్టులా యున్నవారి విషయమున మఱియొక గుఱుతు గలదు. మణికట్టుకడ రెండు రక్తనాళములను కలిపికుట్టు ఈ పద్ధతిని 1966లో న్యూయార్కు వైద్యులు లోకమునకు తెలిపిరి. దానిపై వ్రేలుంచినచో పిల్లి గుఱగుఱవంటి అదురు తెలియును. మంచి నర్సు సూది గ్రుచ్చుటకు ముందు ఆ యదురును తడవి చూచును, చర్మమును శుభ్రపఱచును, ఆ చేతికి రక్తపుపోటు పట్టీ చుట్టనీయదు. ఆ యదురును ప్రతిదినము ఉదయమున ఇంటియొద్ద మనమును చూడవలెను. అది ఆగినచో ఆ క్షణమే ఆసుపత్రికి పోవలెను.

మూడవది వైద్యుడు. గోడపై పేరు వ్రాసియుండుట చాలదు; ఆయన రోగిని నెలకొకసారియైన కూర్చుండబెట్టి కాగితములు చూచుచున్నాడా? యూరియా యెంత తగ్గుచున్నది, పొటాసియము, ఫాస్ఫరసు ఎంతెంత యున్నవి, హిమోగ్లోబిన్ సుమారు 10 నుండి 11.5 వఱకు నిలుచుచున్నదా యని చెప్పవలెను. ఒంట అదనపు నీరు లేనపుడుండు బరువును డ్రై వెయిట్ అందురు. దానిని అప్పుడప్పుడు సరిదిద్దవలెను. నీరు లాగుటలో తొందర పనికిరాదు. కిలో బరువునకు గంటకు 13 మిల్లీలీటర్లకు మించి లాగుట గుండెకు కీడని పరిశోధనలవలన తేలినది. 50 కిలోల మనిషికి నాలుగు గంటలలో 2.6 లీటర్లన్నమాట. రోగికి ప్రతిసారియు పిక్కలు పట్టుకొని కన్నులు తిరుగుచున్నచో ఈ లెక్క అడుగుడు.

నాలుగవది రోగి, రోగితోపాటు మనము. రోగి ధైర్యము గలవాడును, చెప్పినది చేయువాడును, తన బాధను తెలుపగలవాడును కావలెనని చరకమున నున్నది. మా అత్తగారు బాధ చెప్పరు. మాగాయ లేక ముద్ద దిగదందురు. నేనో, వేసవిలో చలువ యని కొబ్బరినీళ్లు ఇచ్చితిని. అందలి పొటాసియము మూత్రపిండములు చెడినవారి గుండెను ఆపివేయ గలదని నాకు తెలియదు. మొదటి కేంద్రమున ఎవరును చెప్పలేదు. ఉప్పు తగ్గించిననే దాహము తగ్గునని, దాహము తగ్గిననే బరువు పెరుగదని రెండవ కేంద్రమున ఒక వయసుమీఱిన నర్సు చెప్పినది. మంచి కేంద్రము తిట్టదు, ఊరకుండదు, నేర్పును.

ఆ రెండవ కేంద్రము సర్కారు ఆసుపత్రిలోనిది. దాని లోపములును చెప్పెదను. పంకా ఒకటి తిరుగదు. వెంట వచ్చినవారికి చెట్టుక్రింద తప్ప నీడ లేదు. మావంతు వచ్చుటకు పదునెనిమిది దినములు వేచితిమి. కాని నీటి పుస్తకము చూపుడని నేను వణకుచు అడుగగా టెక్నీషియన్ “రండమ్మా” అని గది తలుపు తీసి చూపినాడు. నాలుగు గంటలనిన నాలుగు గంటలే. అత్తగారు తొందరపెట్టినచో “మామ్మగారూ, మీ నిమిషములు నేను దొంగిలించను” అని నర్సు నవ్వును. రెండు నెలలకు ముందు 138, పిదప 44 వచ్చినది. మా యింటివారు లెక్కకట్టి 68 అని కాగితపు మూల ఎఱ్ఱసిరాతో వ్రాసిరి. దురద పోయినది. అత్తగారు మరల పరుండి నిద్రించుచున్నారు.

ప్రతి సర్కారు కేంద్రము మంచిదనియు, ప్రతి ప్రైవేటు కేంద్రము చెడ్డదనియు నా తాత్పర్యము కాదు. మా ఊర నట్లు జరిగినది. మీ యూర మఱియొక విధముగా నుండవచ్చును. అడిగి చూడుడు. అడిగినందుకు కోపించుచోట నమ్మిక నుంచకుడు.

ఒకే కేంద్రమున్న ఊరివా రేమి చేయవలెను? రూపాయలు పది పెట్టి యొక నోటుపుస్తకము కొనుడు. ప్రతిసారియు తేదీ, ముందు బరువు, పిదప బరువు, రక్తపుపోటు, యంత్రము తగిలించిన వేళ, తీసిన వేళ వ్రాయుడు. నెలకొకసారి యూరియా అంకెలు రెండును ఎక్కించుడు. పుస్తకము చేతపట్టి ప్రక్కన కూర్చున్న మనిషి యున్నచోట గడియారము కొంత సరిగా నడచును. ఇది నేను చూచి చెప్పుచున్న మాట.

కడపట నొక్కటి. ఈ యంత్రమును 1943లో హాలెండు దేశమున, శత్రుసేనల యేలుబడిలో, కోల్ఫ్ అను వైద్యుడు నిర్మించెను. మొదటి రోగులు దాదాపు అందఱును దక్కలేదు. 1945లో మొట్టమొదట దీనివలన తెలివివచ్చి బ్రదికి లేచినది 67 ఏండ్ల ముసలమ్మ; ఆపై ఆమె కొన్నేండ్లు జీవించినది. ఈ సంగతి తెలిసిననాడు అత్తగారికి చదివి వినిపించితిని. వారు కొంతసేపు మాటాడక, “అయితే నాకు వయసని చెప్పినవారికి ఇది తెలియదు కాబోలు. ఆ పుస్తక మిటు తెమ్మమ్మా, ఈ దినపు బరువు వ్రాసినావో లేదో చూతము” అనిరి.

శ్రీకాకుళపు సోదరీ, నీవును ఇంటివారిని అప్పగించుటకు ముందు ఆ రెండు కేంద్రములకును పోయి నీటిగది యేదని అడుగుము. ఎవరేమనిరో నాకు వ్రాయుము. నీ జాబునకై కనిపెట్టుకొని యుందును.