అలసట ఆడవాళ్ల గుణం కాదు

నేనుండే హబ్సిగూడలోనే సీసీఎంబీ ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న పరిశోధన ఒకటి 2009లో వెలువడింది. గుండె కండరాన్ని బలహీనపరిచే ముప్పున్న జన్యులోపం భారతీయుల్లో నూటికి నలుగురిలో ఉందని తేల్చింది. ఆ లోపానికి ఆడా మగా తేడా లేదు. గుండెజబ్బును గుర్తించడంలోనే ఉంది తేడా అంతా.

మగమనిషి ఛాతీ పట్టుకుంటే ఇల్లంతా పరిగెడుతుంది. ఆడమనిషికి ఆయాసమొస్తే గ్యాసు. దవడ లాగితే పంటినొప్పి, వీపు నొప్పి పుడితే బట్టలుతికినందుకు, వికారమైతే పైత్యం, చెమటలు పడితే ముట్లుడిగే వయసు. ఇన్ని పేర్లు దొరుకుతాయి గానీ గుండె అన్నమాట ఎవరి నోటా రాదు. మా వీధిలో ఒకావిడ నెలరోజులుగా మెట్లెక్కలేకపోతున్నానంటే, డాక్టరు ఇసిజి అయినా తీయించకుండా ‘టెన్షన్’ అని బిళ్లలు రాసిచ్చాడు.

వైద్యశాస్త్రమూ తక్కువ తినలేదు. ఆస్పిరిన్ గుండెపోటును ఆపుతుందా అని 1980లలో అమెరికాలో 22,071 మంది డాక్టర్ల మీద పరీక్షించారు. అందులో ఒక్క స్త్రీ కూడా లేదు. మగవాడి జబ్బులా కనిపిస్తే తప్ప స్త్రీకి సరైన వైద్యం అందడం లేదని బెర్నడీన్ హీలీ 1991లో ఎత్తిచూపింది. గుండెపోటు వచ్చిన 515 మంది స్త్రీలను అడిగిన అధ్యయనం 2003లో వచ్చింది. పోటుకు ముందు నూటికి 70 మందికి కలిగింది ఎన్నడూ లేని అలసట. సగానికి దగ్గరగా నిద్రపట్టలేదన్నారు. పోటు వచ్చినప్పుడు కూడా నూటికి 43 మందికి ఛాతీనొప్పే లేదు.

ఎన్నడూ లేని అలసట! తెల్లవారకముందే లేచి అర్ధరాత్రి నడుం వాల్చే మనిషికి అలసట లేని రోజెప్పుడుంది గనక? ఆమె అలిసిపోవడం సహజమని నమ్మిన ఇంట్లో ప్రమాద సంకేతం ఎవరి కంటికి ఆనుతుంది? ఆడవాళ్ల లక్షణాలు అస్పష్టంగా ఉంటాయట! అస్పష్టత లక్షణాల్లో లేదు, వినేవాళ్ల చెవుల్లో ఉంది. అంతా అయ్యాక ‘ముందే చెప్పలేదేం’ అని మళ్లీ ఆమెనే నిలదీస్తారు. చెప్పింది. మీరే వినలేదు.

అందుకే అడుగుదాం. మొన్నటిదాకా ఎక్కిన మెట్లు ఇవాళ ఎక్కలేకపోతే, అందులోనూ బీపీ, షుగరు ఉంటే, ఆ రోజే ఇసిజి తీయమందాం. అది మామూలుగా ఉన్నా అనుమానం తీరకపోతే ట్రోపోనిన్ రక్తపరీక్ష చెయ్యమందాం. చల్లటి చెమటలతో ఆయాసమొచ్చినా, దవడో చెయ్యో లాగినా వెంటనే 108కి ఫోన్ చేద్దాం. వంటయ్యాక కాదు, ఆయన వచ్చాక కాదు. పొయ్యి ఆర్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.