ఆ లెక్కలో తిమింగలం పేరు లేదు

జీవరసాయనశాస్త్రం చదివిన ప్రతి విద్యార్థికీ మయోగ్లోబిన్ పేరు తెలుసు. ఒక ప్రోటీన్ లోపలి అమరిక ఎలా ఉంటుందో మనుషులు మొట్టమొదట చూసింది దానిలోనే. 1958లో జాన్ కెండ్రూ బృందం ఆ ఆకారాన్ని బయటపెట్టింది. 1962లో మాక్స్ పెరూట్జ్‌తో కలిసి ఆయన నోబెల్ బహుమతి అందుకున్నాడు. పరీక్షలో ఇద్దరి పేర్లూ రాస్తే మార్కులు పడతాయి. ఆ మయోగ్లోబిన్ ఎవరి ఒంట్లోంచి వచ్చిందో మాత్రం ఏ ప్రశ్నపత్రమూ అడగదు. స్పెర్మ్ తిమింగలం కండలోంచి వచ్చింది. ఊపిరి బిగబట్టి కిలోమీటరు లోతుకు దిగే ఆ జంతువు కండల్లో, ఆక్సిజన్ దాచుకునే ఈ ప్రోటీన్ మన కండల్లోకన్నా ఎన్నో రెట్లు ఉంటుంది. మాంసం నల్లబడి కనిపించేంత ఉంటుంది. అంత పుష్కలంగా దొరికింది, చక్కని స్ఫటికాలు కట్టింది కాబట్టే కెండ్రూ పని సాగింది.

ఇది పాఠ్యపుస్తకం మరపు మాత్రమే అయితే ఊరుకుందును. సముద్రపు క్షీరదాల ఆరోగ్యం మీద, శరీరధర్మం మీద పనిచేసే వాళ్లందరికీ జరుగుతున్నది ఇదే. తిమింగలం ఒడ్డుకు కొట్టుకొస్తే జనం ఫోన్లు పట్టుకుని పరుగెత్తుతారు, మర్నాటి పేపర్లో ఫొటో వస్తుంది, మూడోనాటికి అందరూ మరిచిపోతారు. అది లోపల ఎలా బతికింది, ఏ జబ్బుతో పోయింది అని ఆయుష్షంతా వెతికేవాళ్లను మాత్రం ‘దానివల్ల మాకేం ఉపయోగం?’ అని నిలదీస్తారు. అడిగారు గనక చెబుతాను.

1960ల మొదట్లో గెరాల్డ్ కూయిమన్ అనే యువకుడు అంటార్కిటికాలోని మెక్‌మర్డో దగ్గర, గడ్డకట్టిన సముద్రం మీద పని మొదలుపెట్టాడు. చుట్టుపక్కల మరో బీట గానీ కన్నం గానీ లేని చోటు వెతికి, మంచుకు ఒక్క కన్నం తొలిచాడు. అందులో వదిలిన వెడెల్ సీల్ ఎక్కడ తిరిగినా ఊపిరి కోసం మళ్లీ అక్కడికే రావాలి. దాని వీపుకు కట్టింది పెద్ద యంత్రమేమీ కాదు. వంటింట్లో వాడే, అరవై నిమిషాలు తిరిగే టైమర్. అది మసి పట్టించిన గాజుబిళ్లను తిప్పుతుంటే, నీటి ఒత్తిడికి కదిలే సూది ఆ మసి మీద గీత గీస్తుంది. సీల్ పైకొచ్చాక గాజుబిళ్ల తీసి వెలుతురుకు పట్టుకుంటే, ఎంత లోతుకు వెళ్లిందో, ఎంతసేపు ఉందో ఆ గీతలో తెలిసిపోతుంది. 600 మీటర్ల లోతు, 43 నిమిషాల మునక అలా నమోదయ్యాయి. నేడు తాబేళ్లకూ పెంగ్విన్‌లకూ కట్టే ఖరీదైన పరికరాలన్నీ ఆ టైమర్ వంశమే.

తర్వాతి ఏళ్లలో అదే మంచు మీద, అదే కన్నం పద్ధతిలో, పైకొచ్చిన సీల్ రక్తం తీసి చూశారు. ఇరవై నిమిషాల దాకా మునిగినా లాక్టిక్ ఆమ్లం పెరగలేదు, ఆ హద్దు దాటితేనే పెరిగింది. మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో మత్తువైద్యుడు వారెన్ జపోల్ కూడా అక్కడికి వెళ్లాడు. మునకలో సీల్ ప్లీహం ఎర్రకణాలను రక్తంలోకి వదులుతుందని, లోతుకు పోయేకొద్దీ దాని ఊపిరితిత్తులు ముడుచుకుపోయి నత్రజనిని రక్తంలోకి రానీయవని ఆ బృందం చూపింది. ఊపిరితిత్తుల రక్తనాళాలు తెరుచుకోని పసిగుడ్డులకు నైట్రిక్ ఆక్సైడ్ వాయువు పీల్పించే చికిత్సకు దారి వేసినదీ ఈ జపోలే. 1999లో అమెరికా దానికి అనుమతి ఇచ్చింది. సీల్ వల్లే ఆ మందు పుట్టిందని నేననను. కానీ ఆ పసివాళ్లను గట్టెక్కించిన మనిషి మంచు మీద సీల్ రక్తం పరీక్షించడాన్ని కాలక్షేపంగా చూసినవాడు మాత్రం కాదు.

1998లో కాలిఫోర్నియాలో మాంటెరీ తీరాన వందల సీ లయన్‌లు మూర్ఛలతో కొట్టుకుంటూ ఒడ్డుకు చేరాయి, నాలుగు వందలకు పైగా చచ్చిపోయాయి. డొమోయిక్ ఆమ్లం అనే విషం నాచు నుంచి చిన్న చేపల్లోకీ, వాటినుంచి వీటి మెదళ్లలోకీ పాకింది. మనుషుల జాగ్రత్త కోసం పరీక్షించే ఆల్చిప్పల్లో అప్పుడు ఆ విషం దాదాపు కనబడలేదు. 1987లో కెనడాలో అదే విషం ఉన్న ఆల్చిప్పలు తిని మనుషులు చనిపోయారు. ఈసారి హెచ్చరిక జంతువుల నుంచి వచ్చింది. ఆ మెదళ్లను కోసి చూసే వాళ్లుంటేనే అది హెచ్చరిక అవుతుంది. లేకపోతే కంపు కొట్టే కళేబరమే.

నా మనసులో ఎక్కువగా మెదిలేది ఫండీ అఖాతం సంగతి. ఉత్తర అట్లాంటిక్ రైట్ తిమింగలాలు ఇప్పుడు నాలుగు వందల లోపే మిగిలాయి. రోజలిండ్ రోలాండ్ బృందం కొన్నేళ్లపాటు అక్కడ పడవల్లో, వాసన పట్టే కుక్కల్ని కూడా వెంటబెట్టుకుని, వాటి మలం ఏరింది. ఘాటుగా వాసన కొట్టే ఆ ముద్ద కాసేపే తేలుతుంది, ఆలోగా వలగరిటెతో తీసి గడ్డకట్టించాలి. 2001 సెప్టెంబర్ 11 తర్వాత కొన్నాళ్లు ఓడల రాకపోకలు తగ్గి సముద్రంలో రొద పడిపోయింది. ఆ రోజుల నమూనాల్లో తిమింగలాల ఒత్తిడి హార్మోన్లు తగ్గినట్టు తేలింది, తర్వాతి నాలుగేళ్లలో అదే కాలంలో ఆ తగ్గుదల లేదు. మన ఓడల రొద వాటి నెత్తురుకు తగులుతోందని 2012లో వాళ్లు రాయగలిగారు. అలాంటి ప్రయోగం ఎవరూ ముందుగా అనుకుని చేయలేరు. ఎవరికీ పట్టని పని రోజూ చేస్తున్నవాళ్లు అప్పటికే నీటి మీద ఉన్నారు గనక దొరికింది.

ఇక మన తీరం. శ్రీకాకుళం వైపు ఒక ఊళ్లో కొట్టుకొచ్చిన డాల్ఫిన్ దగ్గర నేను నిలబడ్డాను. ముట్టె చుట్టూ వలతాడు కోసుకుపోయిన గాట్లు. జేసీబీ అప్పటికే గొయ్యి తవ్వుతోంది. ‘వాసనొచ్చేస్తంది బాబూ, బేగి కప్పెట్టీండి’ అని మత్స్యకారులు తొందర. వచ్చిన పశువుల డాక్టరుగారు గేదెలకూ గొర్రెలకూ పోస్టుమార్టం చేసిన మనిషి, డాల్ఫిన్‌ను కోయడం అదే మొదలు. అయినా చొక్కా చేతులు మడిచి దిగాడు. ఊపిరితిత్తి కోస్తే నురగ వచ్చింది. కాలేయం ముక్క, కొవ్వు పొర ముక్క తీసి పెట్టడానికి ఐస్‌పెట్టె లేదు, ఫార్మలిన్ లేదు. తాగేసిన నీళ్లసీసా కోసి, అందులో స్పిరిట్ పోసి ఉంచాడు. అది ఏ ల్యాబ్‌కు పంపాలో పైవాళ్లెవరూ చెప్పలేదు. లోపలి చెవి చూడాలని ఆయనకు ఉంది, జేసీబీ డ్రైవర్‌కు వేరే పని ఉంది.

1972 వన్యప్రాణి చట్టంలో డాల్ఫిన్, తిమింగలం పులితోపాటు మొదటి షెడ్యూల్‌లోనే ఉన్నాయి. పులి చనిపోతే ఎవరు కోయాలి, ఏది ఎక్కడికి పంపాలి అన్నదానికి పద్ధతి ఉంది, అది నడుస్తుంది కూడా. సముద్రపు జీవులు ఒడ్డుకొస్తే ఏం చేయాలో 2021లో కేంద్ర పర్యావరణ శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కాగితం నేను నిలబడ్డ ఇసుక దాకా రాలేదు. తమిళనాడులో కులశేఖరపట్నం దగ్గర 1973 జనవరిలో 147 పైలట్ తిమింగలాలు ఒడ్డెక్కాయి. 2016 జనవరిలో అదే తీరాన తిరుచెందూరు, మణపాడు దగ్గర ఎనభైకి పైగా. కారణం మీద నేటికీ వాదనలే నడుస్తున్నాయి.

అందరూ అంటార్కిటికా వెళ్లాలని నేను కోరడం లేదు. దాదాపు వెయ్యి కిలోమీటర్ల తీరమున్న మన రాష్ట్రంలో, తీరపు జిల్లాకొక పశువైద్యుడికి ఈ పనిలో శిక్షణ ఇవ్వండి. ఒక డీప్ ఫ్రీజర్ కొనండి. ముక్క తీసుకునే ల్యాబ్ పేరు, ఫోన్ నంబర్ రాసి గోడకు అంటించండి. కళేబరం తాజాగా ఉంటే గొయ్యి తవ్వే ముందు మూడు గంటలు ఆగండి. ఆ మూడు గంటలూ డాక్టరుగారికి వదిలేసి, చేతికొక ఐస్‌పెట్టె ఇవ్వండి.